దయ్యం నేర్పిన ఇంగ్లీషు!

దయ్యానికి జంకని మొనగాళ్ళు మన కృష్ణా డెల్టాలో ఊరికి పదిమంది ఉంటారు. అమావాస్య నాడు, అర్ధరాత్రి వేళ, స్మశానం పక్క కాలవగట్టు మీదుగా ఈలవేసుకుంటూ సైకిలు తొక్కుకొస్తారు. చింతచెట్టు కింద మంచం వాల్చుకుని హాయిగా గుర్రు పెడతారు. అలాంటి మొనగాణ్ణే తీసుకొచ్చి, విజయవాడలో ఏదో ఒక ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి మనిషి ఇంగ్లీషులో "మీ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నాడనుకోండి... అంతే! నోట తడారిపోతుంది. చేతులు చల్లబడతాయి. అచ్చం సినిమాలో దయ్యాన్ని చూసినవాడి వాలకమే!

ఈ రెండు భయాల గురించే ఈ వ్యాసం. తెరమీది భయం పట్టుకుని ఇంగ్లీషు భయాన్ని వదిలించుకోవచ్చా? ముల్లుని ముల్లుతోనే తియ్యాలన్నారు కదా పెద్దలు. చూద్దాం.

హాస్టలు గదుల్లో అర్ధరాత్రి

పటమట, బెంజి సర్కిల్ ప్రాంతాల్లో ఉద్యోగాలకి తయారయ్యే కుర్రాళ్ళ గదులకి ఈమధ్య తరచు వెళ్తున్నాను. రాత్రి పదకొండు దాటాక దీపాలార్పేసి, ఒక ఫోను చుట్టూ నలుగురు మూగుతారు. చూసేది పూర్తి సినిమా కూడా కాదు. భయపెట్టే సినిమాల కథల్ని పావుగంటలో ఇంగ్లీషులో చెప్పే వీడియోలు! ఒక గొంతు కథ చెబుతూ పోతుంది, దృశ్యాలు గబగబా కదులుతుంటాయి, కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటాయి.

"ఇదేం పిచ్చిరా బాబూ?" అంటే ఒక కుర్రాడు నవ్వాడు. "పిచ్చి కాదన్నా. కోచింగులో ఇచ్చిన మాటల పట్టీ పొద్దునకల్లా మర్చిపోతున్నా. ఇందులో విన్న మాట మటుకు కల్లోకొచ్చి మరీ గుర్తుచేస్తోంది!"

అతను వేళాకోళానికే అన్నాడు గానీ నాకు మాత్రం ఎక్కడో చురుక్కుమంది. కారణం ఉంది.

ఫోను పట్టుకునే ఉన్నాను!

నేను తెలుగు మీడియంలో చదివాను. పామర్రు దగ్గర పల్లెటూరు మాది. డిగ్రీ పూర్తయ్యేనాటికి ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, వ్యాకరణంలో మార్కులూ వచ్చాయి. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల చుట్టూ తిరిగి, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు మూడు కొన్నాను. తొంభై రోజులు గడిచాయి గానీ నోరు మాత్రం పెగల్లేదు.

అలాంటి రోజుల్లో ఒక ఆఫీసునించి ఫోనొచ్చింది. పేరడిగారు, చెప్పాను. ఊరడిగారు, చెప్పాను. ఫరవాలేదే అనుకుంటుండగా అవతలి ఆవిడ "హోల్డ్ ఆన్" అంది. 'హోల్డ్' అంటే పట్టుకొనుట అని పుస్తకంలో ఉంది. నేను ఫోను పట్టుకునే ఉన్నానాయె! ఇంకేం పట్టుకోవాలో అర్థం కాలేదు. అవతల్నించి ఉలుకూ పలుకూ లేదు. మాట్లాడటం అయిపోయింది కాబోలనుకుని, "థాంక్యూ మేడమ్" అనేసి పెట్టేశాను. మళ్ళీ ఫోను రాలేదు. ఉద్యోగమూ రాలేదు.

కొన్ని నెలల తరవాత స్నేహితుడి గదిలో ఒక ఇంగ్లీషు దయ్యం సినిమా చూస్తున్నాం. ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయి స్నేహితురాలితో ఫోనులో మాట్లాడుతోంది. వెనక తలుపు కిర్రుమంది. ఆ పిల్ల "హోల్డ్ ఆన్" అని, ఫోను బల్లమీద పెట్టి, తలుపు దగ్గరికి నడిచింది.

పక్కవాళ్ళు దయ్యం కోసం ఊపిరి బిగబట్టారు. నేను మాత్రం మంచం మీంచి లేచి నిలబడ్డాను! 'ఒక్క నిమిషం ఆగు, ఇప్పుడే వస్తా'నని ఆ మాటకర్థం! (ఆ పిల్ల మళ్ళీ రాలేదనుకోండి, అది వేరే విషయం.) ఆ రాత్రినించి ఈ రోజుదాకా నేనా మాట మర్చిపోలేదు.

ఇల్లంతా ఇంగ్లీషే!

కొంచెం ఆలోచించి చూడండి. కోర్టు సినిమాలో లాయర్ల ఇంగ్లీషు ఉంటుంది. యుద్ధం సినిమాలో సిపాయిల ఇంగ్లీషు. అంతరిక్షం కథల్లో ఉండేది శాస్త్రవేత్తలకే అర్థమవుతుంది. మరి దయ్యం ఎక్కడుంటుంది? ఇంట్లో! అందుకని దయ్యం సినిమాలో ఇంటి ఇంగ్లీషు ఉంటుంది. తలుపు, గడియ, తాళంచెవి, మెట్లు, కిటికీ, పరదా, అద్దం, పక్కగుడ్డలు, కుళాయి, ఫ్యూజు... ఇవీ మాటలు. "ఎవరక్కడ?", "అటు వెళ్ళకు", "ఏమిటా చప్పుడు?", "కరెంటు పోయింది", "పిల్లలేరీ?"... ఇవీ వాక్యాలు. అన్నీ రెండు మూడు ముక్కలే. పైగా ప్రతి మాటకీ మధ్య బోలెడంత నిశ్శబ్దం. మాట చెవికెక్కి, అర్థం తట్టే వ్యవధి దొరుకుతుంది. ఇంతకంటె ఓపికైన మాస్టారు ఎక్కడ దొరుకుతాడు చెప్పండి!

అయితే మన ఇల్లు వేరు, వాళ్ళ ఇల్లు వేరు. 'బేస్‌మెంట్' మాటే తీసుకోండి. మన మేస్త్రీలు "ఇల్లు బేస్‌మెంట్ దాకా లేచింది" అంటారు. అంటే పునాది పైన నేలమట్టం దాకా కట్టారని. అమెరికా సినిమాలో బేస్‌మెంట్ అంటే ఇంటి కింద గది. దయ్యాలకి ఇష్టమైన చోటు! నాలుగడుగులు తవ్వితే నీరూరే మన డెల్టా పల్లెల్లో ఇంటి కింద గది ఎక్కణ్ణించి వస్తుంది? మాట తెలిసినా వస్తువు తెలీదన్నమాట. తెరమీద ఆ చీకటి మెట్లు దిగితే రెండూ ఒకేసారి తెలుస్తాయి.

'ఆటిక్' అంటే కప్పు కింద సామాన్లు దాచే చోటు, దాదాపు మన అటకే. వినడానికీ అలాగే ఉంది కదూ? చుట్టరికం మాత్రం లేదు. ఆ మాట గ్రీకు దేశంలోని ఆటికా ప్రాంతం పేరునించి వచ్చింది. మనం 'టార్చిలైటు' అనేదాన్ని అమెరికావాడు 'ఫ్లాష్‌లైట్' అంటాడు. మనం 'ట్యాప్' అంటే వాడు 'ఫాసెట్' అంటాడు. కారు వెనక మనం 'డిక్కీ' అనేది వాడికి 'ట్రంక్', ఇంగ్లండువాడికి 'బూట్'!

ఇక అసలు మజా జంట మాటల్లో ఉంది. 'గెట్ అవుట్' పొమ్మనడం. 'లుక్ అవుట్' చూసుకోమని హెచ్చరిక. 'పాస్ అవుట్' అయితే స్పృహ తప్పడం. మనవాళ్ళు కాలేజీ ముగించడాన్ని 'పాసౌటయ్యాను' అంటారు చూశారూ, అది పరాయిదేశం వాళ్ళతో అంటే ఎక్కడ పడిపోయావని కంగారుపడినా పడతారు! 'బ్రేక్ డౌన్' అంటే కారు ఆగిపోవడం. అడవి మధ్యలో కారు ఆగకపోతే దయ్యం సినిమా లేదు గనక ఈ మాట మీకెలాగూ వచ్చి తీరుతుంది. 'హ్యాంగ్ అప్' అంటే ఫోను పెట్టేయడం... ఆనాడు నేను చేసిన పని!

దయ్యాల్లోనూ రకాలు

మనం అన్నిటినీ 'దయ్యం' అనేస్తాం. ఇంగ్లీషులో 'ఘోస్ట్' అంటే చచ్చిన మనిషి తాలూకు రూపం. 'డీమన్' సాధారణంగా మనిషిగా పుట్టనే పుట్టని దుష్టశక్తి. 'హాంట్' చెయ్యడమంటే ఒక చోటునో మనిషినో పట్టుకుని వేలాడటం. మనిషిలో పూనడాన్ని 'పొజెస్' అంటారు. మామూలుగా ఆ మాటకి స్వంతంగా కలిగి ఉండటమని అర్థం. మనిషే దయ్యానికి స్వంతమైపోయాడన్నమాట! ఇలా చూస్తే ఒక మాటతో రెండర్థాలూ వచ్చేస్తాయి.

సినిమా పేర్లే చిన్న పాఠాలు. 2002లో వచ్చిన 'ది రింగ్'లో ఫోను మోగడమూ రింగే, బావి మూత చుట్టూ కనిపించే వెలుగు వలయమూ రింగే. 2004 నాటి 'సా' పేరు రంపం. అదే మాట 'చూశాను' అని కూడా. 2016లో వచ్చిన 'హష్' అంటే మన 'ష్...'!

భయానికీ జ్ఞాపకానికీ చుట్టరికం

ఇది నా సొంత కవిత్వమేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, ఇర్వైన్‌లో, జేమ్స్ మెగా, లారీ కాహిల్ బృందం 1994లో ఒక ప్రయోగం ప్రకటించింది. కొంతమందికి బొమ్మలు చూపిస్తూ తల్లీకొడుకుల కథ చెప్పారు. ఒక కథ చప్పగా సాగుతుంది. రెండోదాంట్లో పిల్లవాడికి ఘోర ప్రమాదం జరుగుతుంది. వారం తరవాత అడిగితే ఆ ప్రమాదం ఘట్టమే బాగా గుర్తుంది. కానీ గుండెదడని తగ్గించే ప్రొప్రనలాల్ అనే మందు ముందే మింగినవాళ్ళకి ఆ ఘట్టం ప్రత్యేకంగా గుర్తులేదు! అంటే గుండె దడదడలాడినప్పుడు ఒంట్లో ఊరే రసాయనాలే జ్ఞాపకాన్ని గట్టిగా ముద్రిస్తాయన్నమాట.

దీనికో మెలిక ఉంది. భయం వేసినప్పుడు కత్తి గుర్తుంటుంది, కత్తి పక్కన కూర్చున్నవాడు అన్న నాలుగు వాక్యాలూ గుర్తుండవు. అందుకని ఒకే ఘట్టాన్ని రెండోసారి, భయం తగ్గాక చూడాలి. మొదటిసారి దయ్యం కోసం, రెండోసారి మాట కోసం!

కింద పడే అక్షరాల సంగతి కూడా చెప్పాలి. 2009లో హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్వీన్ అనే ఇద్దరు పరిశోధకులు డచ్చి విద్యార్థులకి కొత్త యాసల ఇంగ్లీషు వినిపించారు. ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ విన్నవాళ్ళకి ఆ యాస త్వరగా పట్టుబడింది. సొంత భాష అక్షరాలు చదువుతూ విన్నవాళ్ళకి చెవి కుదరడానికి అవే అడ్డం వచ్చాయి. కనుక తెలుగు అక్షరాలు వేసుకుని చూస్తే కథ తెలుస్తుంది, చెవి తెరుచుకోదు. ఇంగ్లీషు మాటకి ఇంగ్లీషు అక్షరాలే వేసుకోండి.

మార్నింగ్ షోల బెజవాడ

ఇదంతా ఫోన్లొచ్చాక పుట్టిన వింత అనుకునేరు! మన నాన్నల తరంలో విజయవాడ కుర్రకారుకి నవరంగ్, లీలామహల్ లాంటి హాళ్ళే ఇంగ్లీషు బళ్ళు. సగం మాటలు అర్థంకాకపోయినా మార్నింగ్ షోకి వెళ్ళి వచ్చేవాళ్ళు.

సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీలో సివిల్ చదివిన ఒకాయన ఆ తరంవాడే. చదువయ్యాక హైదరాబాదులో వీడియో క్యాసెట్ల కొట్టు పెట్టాడు. 1989లో 'శివ' తీశాడు. 1992లో రేవతితో 'రాత్రి' తీసి తెలుగువాళ్ళని హడలగొట్టాడు. 1996లో 'దెయ్యం'. పేరు వేరే చెప్పనక్కర్లేదు, రాంగోపాల్ వర్మ! పూనకం కథతో ప్రపంచాన్ని వణికించిన 'ది ఎగ్జార్సిస్ట్' 1973లో వచ్చింది. దాని మీద తనకున్న మోజుని ఆయన ఎన్నడూ దాచుకోలేదు. గమనించాల్సిందేమిటంటే, ఆయన చూసి ఊరుకోలేదు. చూసినదాన్ని తన భాషలో, తన పద్ధతిలో మళ్ళీ చెప్పాడు.

అదే కిటుకు! పల్లెల్లో అందరికీ బస్తీకి వెళ్ళి సినిమా చూసే స్తోమతుండేది కాదు. చూసొచ్చినవాడు సాయంత్రం కాలవగట్టున కూర్చుని టైటిల్సు దగ్గర్నించి శుభం కార్డు దాకా కథ చెప్పేవాడు. చుట్టూ కూచున్నవాళ్ళు ఊఁ కొట్టేవాళ్ళు. ఇవాళ మన కుర్రాళ్ళు ఫోన్లో చూసే కథల వీడియోలు మరేమిటి? కాలవగట్టు సినిమా కథకి ఇంగ్లీషు వేషం! ఒకటే తేడా. అక్కడ ఊఁ కొట్టేవాడూ ఉన్నాడు. ఇక్కడ లేడు.

ఊఁ కొట్టే మనిషి కావాలి!

కైకలూరు వైపునించి వచ్చి, నర్సింగు పూర్తిచేసి, విదేశంలో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న ఒకమ్మాయిని కలిశాను. అక్కడ ఇంగ్లీషు పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం. తండ్రి చేపల చెరువు మీద అప్పుచేసి చదివించాడు. మొదటి ప్రయత్నంలో రాతలో గట్టెక్కి మాటలో తప్పింది. "అన్నీ తెలుసండీ. అవతల మనిషి నా మొహం చూస్తుంటే ఒక్క మాటా రాలేదు" అంది.

ఆమె కనిపెట్టిన పద్ధతి విని ఆశ్చర్యపోయాను. రోజూ ఒక దయ్యం సినిమా వీడియో చూస్తుంది. చూసి, రాత్రి ఇంటికి ఫోను చేసి, ఇంటరు చదివే తమ్ముడికి ఆ కథ ఇంగ్లీషులో చెబుతుంది. నేను వెళ్ళిన రోజున కథ మధ్యలో మాట తట్టక ఆగిపోయింది. మెట్ల మీద ఎవరో పాకుతున్నారని చెప్పాలి. 'పాకడం' తట్టలేదు. అర నిమిషం నిశ్శబ్దం. ఫోనులోంచి తమ్ముడి గొంతు: "ఊఁ... తర్వాత?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. కథ కావాలంతే! ఆమె నవ్వి, "షీ ఈజ్ కమింగ్ డౌన్... లైక్ ఎ బేబీ!" అంది. తమ్ముడు "అమ్మో!" అన్నాడు. కథ సాగిపోయింది. ఆ రాత్రి పడుకునేముందు ఆమె ఆ మాట వెతికి పట్టుకుని పుస్తకంలో రాసుకుంది: 'క్రాల్'.

స్టీఫెన్ క్రాషెన్ అనే అమెరికా భాషావేత్త 1980లలో ఒక మాటని బాగా ప్రచారంలోకి తెచ్చారు. బెరుకు, సిగ్గు, నవ్వుతారన్న భయం మనసుకి అడ్డుతెరలా దిగితే ఎంత విన్నా భాష లోపలికి వెళ్ళదంటారాయన. దయ్యం భయం మాటని లోపలికి దింపుతుంది. మనుషుల భయం దాన్ని బయటికి రానివ్వదు. మొదటిదానికి వీడియో చాలు. రెండోదానికి ఊఁ కొట్టే మనిషే కావాలి.

మీరూ మొదలుపెట్టండి!

మొదట 1999 నాటి 'ది సిక్స్త్ సెన్స్' పట్టండి. మన దేశంలో, మాహేలో పుట్టిన మనోజ్ శ్యామలన్ తీసిన సినిమా. డాక్టరూ పిల్లవాడూ ఎదురెదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకుంటారు. చెవికి మంచి పునాది. ఒక్కో రాత్రి పది నిమిషాలు చాలు. అయిదు మాటలకి మించి రాసుకోకండి. మాటని ఒంటరిగా కాకుండా, అది వచ్చిన వాక్యంతో సహా రాసుకోండి.

తరవాత 2018లో వచ్చిన 'ఎ క్వయెట్ ప్లేస్'. చప్పుడైతే చంపే జంతువులొచ్చి పడతాయి గనక ఆ ఇంట్లోవాళ్ళు ఎక్కువగా చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. సంభాషణల్లేని సినిమాతో ఇంగ్లీషేమిటంటారా? అక్కడే ఉంది మీ పని! తెర మాట్లాడదు కాబట్టి కథంతా మీరే చెప్పాలి. వాళ్ళు నడుస్తున్నారు, ఆమె మెట్లు దిగుతోంది, మేకు పైకి లేచి ఉంది... ఇలా చిన్న చిన్న వాక్యాల్లో, జరుగుతున్నది జరుగుతున్నట్టు చెప్పుకుంటూ పొండి.

రెండు మూడు హెచ్చరికలు. ఈ సినిమాల్లో తిట్లు కుప్పలు తెప్పలు. ప్రాణభయంతో అరిచేవాడి నోట ఒప్పుతాయి గానీ ఇంటర్వ్యూలో ఒప్పవు. కథల వీడియోల్లో చాలా వాటికి యంత్రం గొంతు పెడుతున్నారు. ఏడుపూ నవ్వూ ఒకే రాగంలో చెబుతుంది. దాన్నుంచి మాటలు నేర్చుకోండి, పలుకు మాత్రం నటీనటుల దగ్గర నేర్చుకోండి. 'ఎ' సర్టిఫికెట్ బొమ్మలు ఆ వయసొచ్చినవాళ్ళకే. ఇక రాత్రంతా నిద్ర లేకుండా చూస్తే పొద్దున నేర్చుకున్నదీ గుర్తుండదు!

ఆ అమ్మాయి రెండోసారి పరీక్షకి డబ్బు కట్టింది. ఫలితం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కానీ మొన్న ఫోను చేస్తే గొంతులో బెరుకు లేదు. "తమ్ముడే ఇప్పుడు రోజూ కథ అడుగుతున్నాడండీ. మధ్యలో వాడూ ఇంగ్లీషులోనే ప్రశ్నలేస్తున్నాడు" అంది.

పాత రోజుల్లో హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకంలో కథ సగం దాకా చెప్పి, 'మిగతాది వెండితెరపై చూడండి' అని ఆపేసేవాళ్ళు. నేను మాత్రం వెండితెర మీద చూడమనను. చూసింది చాలు. ఇవాళ రాత్రి మీ అక్కనో, తమ్ముణ్ణో, గదిలో స్నేహితుణ్ణో కూర్చోబెట్టి, వచ్చిన ఇంగ్లీషులో మిగతాది మీరే చెప్పండి. మాట తట్టక ఆగితే కంగారుపడకండి. ఎదుటివాళ్ళకి ఒక్కటే షరతు పెట్టండి. నవ్వకూడదు. ఊఁ కొట్టాలి!